పాలీప్రొపిలిన్ ట్యాంకుకు వేసిన అతుకు చల్లారగానే ఊడిపోతోంది. దానికి స్టీలు గొట్టాన్ని వెల్డింగ్‌తో అతకవచ్చా?

మీరు అడిగినది నాకు ఇలా అర్థమైంది. పది మిల్లీమీటర్ల మందం గల, పాలీప్రొపిలిన్‌దని మీరు అనుకుంటున్న ట్యాంకుకు అడుగు అంచున జానెడు పొడవున పగులు వచ్చింది. హాట్ ఎయిర్ గన్‌తో (వేడి గాలి ఊదే పరికరంతో) ప్లాస్టిక్ రాడ్ కరిగించి అతికారు. చూపుకు అతుకు చక్కగానే ఉన్నా, మర్నాడు ఒక కొస పట్టుకుని లాగితే రాడ్ మొత్తం తాడులా లేచి వచ్చింది. ఇప్పుడు వేడి పెంచి మళ్లీ ప్రయత్నించాలా, అల్ట్రాసోనిక్ వెల్డింగ్ గానీ బలమైన జిగురు గానీ మేలా, అదే ట్యాంకు గోడకు స్టీలు గొట్టాన్ని కూడా వెల్డింగ్‌తోనే కలపవచ్చా అన్నవి మీ సందేహాలు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. పగులును అదే హాట్ ఎయిర్ పద్ధతిలో అతకవచ్చు, కానీ వేడి పెంచకండి. ట్యాంకు ఏ ప్లాస్టిక్‌దో తేల్చుకుని, సరిగ్గా అదే రకం రాడ్ తెచ్చుకుని, అతుకు పడే చోట పై పొరను గీకి, రాడ్‌ను నొక్కుతూ అతకండి. అల్ట్రాసోనిక్ ఈ పనికి సరిపోదు. జిగురును నమ్ముకోవద్దు. స్టీలును ప్లాస్టిక్‌కు వెల్డింగ్ చేయడం కుదరదు. దాన్ని బోల్టులతో బిగించుకోవాలి, అందుకు చక్కని పద్ధతి ఉంది.

ఊడివచ్చిన రాడ్ ముక్కను మీరు పారేయకపోతే దాన్ని తిరగేసి అడుగు భాగాన్ని వెలుతురులో చూడండి. పగులు వెంట తీసిన గాడి ఆకారం అచ్చు పోసినట్టు దిగి, నున్నగా మెరుస్తూ ఉంటే అతుకు అసలు పడనే లేదని అర్థం. గాడిలో రాడ్ ఒదిగి కూర్చుంది, అంతే. నిజంగా అతుకు పడిన రాడ్‌ను బలవంతంగా పీకితే అడుగు నున్నగా రాదు. తెల్లబారిన పీచులు, ట్యాంకు నుంచి చినిగి వచ్చిన పొరలు దానికి అంటుకుని ఉంటాయి. తాడులా లేచి వచ్చిందన్న మీ మాటను బట్టి మీది మొదటి రకమే అయి ఉంటుంది. దానికి సాధారణంగా మూడు కారణాలు ఉంటాయి: రాడ్ వేరే ప్లాస్టిక్‌ది కావడం, పై పొరను గీకకపోవడం, రాడ్ మాత్రమే కరిగి ట్యాంకు గోడ తగినంత వేడెక్కకపోవడం.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే ప్లాస్టిక్ అతుకు ఎలా ఏర్పడుతుందో చూడాలి. ఇనుము వెల్డింగ్‌లో రెండు అంచులు కరిగి ఒకే మడుగులా కలిసిపోతాయి. ప్లాస్టిక్ అలా పారదు, బంకలా మెత్తబడుతుంది. మెత్తబడిన రెండు ముఖాలను ఒకదానికొకటి ఆనించి నొక్కినప్పుడు ఇటువైపు ఉన్న పొడవాటి పాలిమర్ గొలుసులు (ప్లాస్టిక్ అణువులు) అటూ, అటువైపువి ఇటూ పాకి, పెనవేసుకుని, చల్లారాక ఆ చిక్కుల్లోనే బిగుసుకుపోతాయి. అందుకు వేడితో పాటు ఒత్తిడి, కొంత వ్యవధి కూడా కావాలి. వీటిలో ఏది లోపించినా తక్కినవాటిని పెంచి ఆ లోటు పూడ్చలేము. గన్ వేడిని అమాంతం పెంచితే పై పొర మాడి గొలుసులు తెగిపోతాయి, లోపల మాత్రం చల్లగానే ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవారిలో నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇదే: అతుకు ఊడిన ప్రతిసారీ గన్ మీటను ఇంకో గీత పైకి జరుపుతారు.

గొలుసులు పెనవేసుకోవాలంటే రెండువైపులా ఒకే జాతి ప్లాస్టిక్ ఉండాలి. పాలీప్రొపిలిన్, పాలిథిలిన్ రెండూ మైనంలా జారుడుగా ఉంటాయి, రెండూ నీటిపై తేలతాయి, రెండింటితోనూ ట్యాంకులు చేస్తారు. అయినా ఒకదానితో ఒకటి కలవవు. కరిగినప్పుడు అంటుకున్నట్టే కనిపించి, చల్లారాక విడిపోతాయి. గట్టి ప్లాస్టిక్ అయిన ఏబీఎస్‌ను యాక్రిలిక్‌తో గానీ పాలీకార్బొనేట్‌తో గానీ అతకడం సాధ్యమే, కానీ అలాంటి జంటలు కొన్నే. ఇక ఎపాక్సీ, బేకలైట్, మెలమైన్ వంటివి ఒకసారి గట్టిపడ్డాక వేడికి మాడతాయే తప్ప కరగవు కాబట్టి వాటికి వెల్డింగ్ ప్రసక్తే లేదు. ట్యాంకుల్లో కొన్నింటిని క్రాస్‌లింక్ చేసిన పాలిథిలిన్‌తో చేస్తారు. దాని గొలుసులు ముందే ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి కనుక అది కూడా మామూలు పాలిథిలిన్‌లా అతకదు.

మీ ట్యాంకు ఏ ప్లాస్టిక్‌దో ఊహించకండి, పరీక్షించండి. ముందుగా అచ్చు గుర్తు వెతకండి: త్రిభుజంలో 5 అంకె ఉంటే పాలీప్రొపిలిన్, 2 ఉంటే హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథిలిన్), 3 ఉంటే పీవీసీ. గుర్తు లేకపోతే అంచు నుంచి గోరంత ముక్క చెక్కి నీటిలో వేయండి. నీటి సాంద్రత 1 అయితే పాలీప్రొపిలిన్‌ది సుమారు 0.90, హెచ్‌డీపీఈది 0.95 కాబట్టి రెండూ తేలతాయి. ఏబీఎస్, పీవీసీ మునుగుతాయి. అయితే టాల్క్ పొడి దండిగా కలిపిన పాలీప్రొపిలిన్ కూడా మునగవచ్చు, అందుకని ఈ ఒక్క పరీక్షతో ఆగకూడదు. పీవీసీ అనుమానం ఉంటే రాగి తీగను ఎర్రగా కాల్చి ముక్కకు తాకించి మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉన్నట్టు. తేలిన రెండింటిలో ఏది ఏదో చెప్పడానికి నేను వేడి పలకను వాడతాను. పలకను 145 నుంచి 150 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలిపి, దాని మీద రెండు చిన్న తురుములు వేస్తాను. హెచ్‌డీపీఈ సుమారు 130 డిగ్రీలకే కరుగుతుంది కనుక కొద్దిసేపటికి పారదర్శకమైన బొట్టులా మారుతుంది; పాలీప్రొపిలిన్ 160 దాటితే గానీ కరగదు కనుక అలాగే ఉంటుంది.

ఇంతకంటే సులువైన, నాకు ఎక్కువ నమ్మకమున్న పరీక్ష ఇంకొకటి ఉంది. ట్యాంకు మీద ఎవరికీ కనబడని చోట అరచేయంత మేర గీకి, మీ దగ్గరున్న రాడ్‌ను అయిదారు సెంటీమీటర్ల పొడవున అతికి, మిగిలిన కొసను తోకలా వదిలేయండి. పూర్తిగా చల్లారాక ఆ తోకను పట్టకారుతో పట్టుకుని నిలువుగా పైకి లాగండి. రాడ్ సాగి, తెల్లబారి, అతుకు దగ్గర కాక మధ్యలో తెగితే ప్లాస్టిక్ కుదిరింది, మీ చేయి కూడా కుదిరింది. శుభ్రంగా లేచి వస్తే అసలు పగులు జోలికి ఇంకా వెళ్లవద్దు.

ఇక గీకడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను సొంతంగా దెబ్బ తిన్నది ఇక్కడే. ఒకసారి కొత్త హెచ్‌డీపీఈ షీట్‌ను స్పిరిట్‌తో తుడిచి, అద్దంలా ఉంది కదా అని గీకకుండానే అతికాను. మచ్చుముక్కను వంచి చూస్తే అతుకు టప్పున విడిపోయింది. అదే షీట్‌ను, అదే రాడ్‌ను స్క్రేపర్‌తో పలుచగా గీకి, గన్ సెట్టింగ్ ఏమాత్రం మార్చకుండా మళ్లీ అతికితే చేతులతో విరవలేకపోయాను. గాలి, వెలుతురు తగిలే ప్లాస్టిక్ పై పొరలో ఆక్సీకరణ జరుగుతుంది, ఆ పొర పెనవేసుకోదు. తుడిస్తే జిడ్డు, దుమ్ము పోతాయి కానీ ఆక్సీకరణ పొర పోదు. పాలిథిలిన్ గొట్టాలను విద్యుత్ తీగ వేడితో అతికే ఎలక్ట్రోఫ్యూజన్‌లో కూడా కనీసం 0.2 మిల్లీమీటర్ల మేర పై పొరను తీసేయమనేది ఇందుకే. రాడ్‌ను కూడా గీకాలన్న సంగతి చాలామందికి తట్టదు. ఏడాదిగా మూలన పడి ఉన్న రాడ్‌కూ ఆ పొర ఉంటుంది. ఇసుక కాగితం వాడకండి, దాని రేణువులు మెత్తని ప్లాస్టిక్‌లో ఇరుక్కుపోతాయి. గీకిన వెంటనే అతకాలి, గీకిన చోట వేలు పెట్టకూడదు.

మీ పని చేసే క్రమం ఇలా ఉంటుంది. పగులు రెండు కొసల వద్ద మూడు నాలుగు మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. లేకపోతే అతుకు నిలిచినా పగులు దాని పక్కనుంచి ముందుకు పాకుతుంది. కంటికి కనబడే కొసకు ఇంకొంత ముందు దాకా పగులు సాగి ఉంటుంది కాబట్టి రంధ్రాన్ని కాస్త ఎడంగానే వేయాలి. పగులు పొడవునా దాదాపు 60 డిగ్రీల కోణంలో గాడి తీయండి. పది మిల్లీమీటర్ల మందంలో లోపలి వైపు నుంచి కూడా చేయి చేరే వీలుంటే రెండువైపులా గాడి తీసి, ఇటొక వరుస అటొక వరుసగా నింపితే ముడుచుకుపోయే బిగువు సమంగా పంచుకుంటుంది. ముందు రాడ్ లేకుండా గాడి అడుగును చుక్కలు చుక్కలుగా అతికి నిలపండి. తరువాత గాడిలో మూడు లేదా నాలుగు మిల్లీమీటర్ల రాడ్‌ను వరుస మీద వరుసగా వేయండి, ప్రతి వరుస తరువాత పైభాగాన్ని మళ్లీ గీకండి.

నాజిల్ కొన వద్ద గాలి వేడి పాలీప్రొపిలిన్‌కైనా హెచ్‌డీపీఈకైనా సుమారు 300 డిగ్రీలు ఉంటే చాలు. గన్ మీద ముద్రించిన అంకెను నమ్మకుండా నాజిల్ లోపల థర్మామీటర్ కొన పెట్టి కొలవడం మంచిది, ఎందుకంటే అంకెకూ అసలు వేడికీ మధ్య యాభై డిగ్రీల తేడా ఉన్న గన్లు నా చేతికి వచ్చాయి. గాలి రాడ్ కొననూ గాడినీ ఒకేసారి తాకేలా గన్‌ను లోలకంలా ఊపాలి, గాడి మందంగా ఉంటుంది కనుక దానివైపు మొగ్గు చూపాలి. రాడ్‌ను నిలువుగా పట్టుకుని, మూడు మిల్లీమీటర్ల రాడ్‌కైతే సుమారు ఒక కిలో, నాలుగు మిల్లీమీటర్లదానికైతే రెండు కిలోల పైచిలుకు బరువు మోపినంత బలంతో నొక్కుతూ పోవాలి. ఇలా చేతితో ఊపే పద్ధతిలో నిమిషానికి పది సెంటీమీటర్లు కూడా సాగవు. రాడ్‌ను తనలోంచే పోనిచ్చి ముందే వేడిచేసే స్పీడ్ నాజిల్ అయితే పాతిక, ముప్ఫై సెంటీమీటర్ల దాకా సాగుతుంది. రాడ్‌కు రెండు పక్కలా సన్నని పూస, వెంట్రుక మందమంత అంచు ఏర్పడుతూ వస్తే వేడి, ఒత్తిడి సరిపోయినట్టు. పూస రాకపోతే చల్లగా ఉంది, గోధుమ రంగుకు తిరిగినా బుడగలు వచ్చినా మాడింది. చల్లారడానికి తొందరపడి నీళ్లు పోయవద్దు.

అన్నీ సరిగ్గా చేసినా ఈ అతుకు అసలు గోడంత బలంగా ఉండదన్న నిజాన్ని ముందే ఒప్పుకోవాలి. ట్యాంకుల డిజైన్ లెక్కల్లో ఏళ్ల తరబడి భారం మోసే హాట్ ఎయిర్ అతుకుకు గోడ బలంలో 0.4 వంతును, ఎక్స్‌ట్రూజన్ వెల్డింగ్‌కు 0.6 వంతును, వేడి పలకతో చేసే బట్ ఫ్యూజన్‌కు 0.8 వంతును లెక్కగడతారు. మీ ట్యాంకు మందం పది మిల్లీమీటర్లు, పగులు వచ్చినది అడుగు అంచున, అంటే ద్రవపు బరువంతా వచ్చి వంచే చోట. అందువల్ల కరిగిన ప్లాస్టిక్‌ను ధారగా వదిలే ఎక్స్‌ట్రూజన్ గన్ ఎవరి దగ్గరైనా దొరికితే దానితోనే చేయించమని నా సలహా. హాట్ ఎయిర్‌తోనే చేయవలసి వస్తే, పగులు మీదుగా అదే ప్లాస్టిక్ పట్టీ ఒకటి అదనంగా అతికించండి.

అసలు ఆ పగులు ఎందుకు వచ్చిందో కూడా ఆలోచించండి. ట్యాంకు అడుగు సమతలంగా ఆనక ఒక మూల గాలిలో వేలాడుతుంటే కొత్త అతుకు కూడా అక్కడే పగులుతుంది. సబ్బు వంటి ద్రవాలు పాలిథిలిన్‌లో లోపలి ఒత్తిడి ఉన్నచోట పగుళ్లు తెస్తాయి. సోడియం హైపోక్లోరైట్ వంటి ఆక్సీకరణ ద్రావణాలు పాలీప్రొపిలిన్‌ను ఏళ్ల మీద పెళుసుబారుస్తాయి. అలాంటి ట్యాంకు ఒకటి నా దగ్గరికి వచ్చినప్పుడు లోపలి గోడను గీకుతూ పోయాను. మిల్లీమీటరు లోతుకు వెళ్లినా సుద్దలా తెల్లని పొడే రాలింది. దాన్ని అతకనని చెప్పి పంపేశాను. మీ ట్యాంకు లోపల గీకినప్పుడు తురుము రిబ్బనులా చుట్టలు చుట్టుకుంటూ రావాలి. పొడిగా రాలితే అతుకు మీద పెట్టే శ్రమ వృథా.

అల్ట్రాసోనిక్ సంగతి. అందులో హార్న్ అనే లోహపు దిమ్మ సెకనుకు 20 నుంచి 40 వేల సార్లు, మైక్రాన్లలో కొలిచేంత చిన్న కదలికతో కంపిస్తూ పై ముక్కను కింది ముక్కకేసి నిలువుగా కొడుతూ నొక్కుతుంది. అతుకు గీత వెంట ముందే అచ్చులో పోసిన త్రిభుజాకారపు గట్టు ఆ కంపనానికి వేడెక్కి చటుక్కున కరుగుతుంది. ఏబీఎస్, పాలీకార్బొనేట్ వంటి గట్టి ప్లాస్టిక్‌లతో చేసిన చిన్న డబ్బాలకు, ఛార్జర్ పెట్టెలకు ఇది అద్భుతమైన పద్ధతి. పాలీప్రొపిలిన్ మాత్రం ఆ కంపనాన్ని తనలోనే పీల్చుకుంటుంది కనుక హార్న్ అతుకుకు ఆరు మిల్లీమీటర్ల లోపు దూరంలో ఉండాలి. పైగా, ఉన్న ట్యాంకు పగులుకు త్రిభుజపు గట్టు ఎక్కడి నుంచి వస్తుంది? వేల డబ్బాలు మూసే కర్మాగారపు యంత్రాన్ని ఒక మరమ్మతుకు తేవాలనుకోవడం సరికాదు. అలాగే 27.12 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో చేసే వెల్డింగ్ పీవీసీ షీట్లకు, సంచులకు బాగుంటుంది కానీ పాలీప్రొపిలిన్ ఆ తరంగాలకు వేడెక్కదు. లేజర్‌కైతే పై ముక్క కాంతిని పోనివ్వాలి, కింది ముక్క కార్బన్ బ్లాక్ వంటిది కలిసి దాన్ని పీల్చుకోవాలి. ఇవేవీ మీ పనికి వచ్చేవి కావు.

జిగురు విషయంలో తికమక ఎక్కడ వస్తుందంటే, పీవీసీ గొట్టాలను సాల్వెంట్ సిమెంట్‌తో అతికితే ఎంతో గట్టిగా నిలుస్తాయి కదా, దీనికెందుకు కాదని అనుకుంటారు. ఆ సిమెంట్ పీవీసీని పైపైన కరిగిస్తుంది, గొలుసులు కలుస్తాయి, కరిగించిన ద్రవం ఆవిరైపోతుంది. అంటే అది వేడి లేని వెల్డింగ్. పాలీప్రొపిలిన్‌ను మామూలు వేడి వద్ద కరిగించే వాడుక ద్రవం ఏదీ లేదు. దాని ఉపరితల శక్తి మీటరుకు సుమారు 30 మిల్లీన్యూటన్లే కావడం వల్ల ఎపాక్సీ దాని మీద తామరాకు మీద నీటిలా ముద్దకడుతుందే కానీ పరుచుకోదు. ప్రైమర్ పూసో, మంట సోకించో ఉపరితలాన్ని మార్చి అంటించే జిగుర్లు, ఈ రకం ప్లాస్టిక్‌ల కోసమే చేసిన అక్రిలిక్ జిగుర్లు ఉన్నాయి. బొమ్మకు, పెట్టె మూతకు అవి చాలు. ద్రావణం నిలవుండే ట్యాంకు అడుగుకు నేను వాడను.

చివరగా స్టీలు గొట్టం. కాల్చిన స్టీలును పాలీప్రొపిలిన్‌లోకి దింపితే చుట్టూ కరిగి పట్టేసినట్టే కనిపిస్తుంది. చల్లారాక రెండింటి వ్యాకోచం వేరు కాబట్టి సందు పడుతుంది. లెక్క వేసి చూడండి: మీటరు పొడవు పాలీప్రొపిలిన్ 40 డిగ్రీల వేడి మార్పుకు దాదాపు ఆరు మిల్లీమీటర్లు మారితే, స్టీలు అర మిల్లీమీటరే మారుతుంది. కర్మాగారాల్లో లోహానికి ప్లాస్టిక్‌ను కలిపేటప్పుడు లోహం మీద లేజర్‌తో సన్నని గాళ్లు చెక్కి, వేడిచేసి, కరిగిన ప్లాస్టిక్‌ను వాటిలోకి పోనిచ్చి పట్టిస్తారు. గీతలు చెక్కిన ఇత్తడి మరలను వేడితో ప్లాస్టిక్‌లోకి దించడం కూడా అలాంటిదే. అక్కడ జరిగేది కొక్కెంలా పట్టుకోవడం, కలిసిపోవడం కాదు.

మీరు వెల్డింగ్‌ను ప్లాస్టిక్‌కు ప్లాస్టిక్‌తో, బిగింపును లోహానికి లోహంతో ఉంచండి. కాలర్ (కొసన వెడల్పాటి అంచు) ఉన్న, ట్యాంకు ప్లాస్టిక్‌తోనే చేసిన పొట్టి గొట్టాన్ని తీసుకుని, దాని వెనకవైపు నుంచి వదులుగా ఉండే స్టీలు రింగ్‌ను ముందే ఎక్కించి, గొట్టం రెండో కొసను ట్యాంకు గోడకు లోపలా బయటా అతకండి. రింగ్‌ను తరువాత ఎక్కించవచ్చులే అనుకుంటే కాలర్ అడ్డం వస్తుంది. ఈ పొరపాటు చేసి అతుకు కోసి తీసినవారు ఉన్నారు. మీ స్టీలు గొట్టం ఫ్లేంజ్‌కూ (బోల్టు రంధ్రాలున్న అంచుకూ) ప్లాస్టిక్ కాలర్‌కూ మధ్య ద్రావణానికి తట్టుకునే గాస్కెట్ పెట్టి, బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. గొట్టం బరువును ట్యాంకు గోడ మీద వేలాడదీయకుండా కింద విడిగా ఆధారం ఇవ్వండి, పక్కనే పంపు ఉంటే మధ్యలో మెత్తని బెల్లోస్ (మడతలు మడతలుగా వంగే గొట్టం ముక్క) పెట్టండి.

పని మొదలుపెట్టే ముందు ట్యాంకును ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి, లోపలికి గాలి ఆడేలా చూసుకోండి. మండే ద్రవం నిలవున్న ట్యాంకైతే ఆవిరి పోయిందని పరికరంతో కొలిచే దాకా గన్ వెలిగించకండి. పరీక్షలో అది పీవీసీ అని తేలితే మాడిన పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది కనుక ఆరుబయటే చేయండి. అతుకు పూర్తయ్యాక ఒక రోజు వదిలేసి, ద్రావణం పోయకుండా ముందు మంచినీళ్లతో అంచు దాకా నింపి, అతుకు బయట పొడి కాగితం ఆనించి ఇరవై నాలుగు గంటలు చూడండి. ఆ నీరు ఉండగానే బోల్టులను ఇంకొకసారి సరిచూడండి. ఒత్తిడికి ప్లాస్టిక్ కాలర్ మెల్లగా నలుగుతుంది కాబట్టి మొదటి రోజు బిగువుగా ఉన్న నట్లు మర్నాటికి పావు చుట్టు తిరిగేంత వదులవడం మామూలే.